ఫల్గుణ పేరు మీది కారు

మా మావయ్య సర్వేశ్వరరావుకి ఓర్వలేనితనం పుట్టుకతోనే వచ్చింది. ఎదురు కొట్టు ముందు రెండు జీపులు ఆగితే ఆ పూట ఆయనకి అన్నం సయించదు. అలాంటి మనిషికి ఆదాయపన్ను నోటీసు వచ్చిందంటే ఎవరైనా జాలిపడతారు. నేను పడలేదు.

ముప్పయ్యేళ్ళ కిందట శృంగవరపుకోట నుంచి అరకు వచ్చి కిరాణా కొట్టు పెట్టాడు. ఏజెన్సీలో మైదానంవాళ్ళు భూమి కొనకూడదని చట్టం. అందుకని స్థలం, కరెంటు మీటరు, అన్నీ గిరిజనుడైన ఫల్గుణ పేరు మీదే ఉంచాడు. ఆ స్థలం ఫల్గుణ తండ్రిది. ఎంతిచ్చి తీసుకున్నాడో మావయ్య ఎన్నడూ చెప్పలేదు. అప్పట్లో ఫల్గుణ ఆ కొట్లోనే మూటలు మోసేవాడు. ఇప్పుడు బడిలో మేష్టారు.

2023 మొదట్లో మావయ్య విశాఖలో ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ఎవరి పేరున అని షోరూములో అడిగితే అలవాటుకొద్దీ "ఫల్గుణ" అనేశాడు. ఫల్గుణ జీతం కాగితాలతో బ్యాంకు అప్పు కూడా చకచకా వచ్చింది. కార్లకి ఆ చట్టం లేదన్న సంగతి ఆర్సీ చేతికొచ్చాక గానీ ఆయనకి తట్టలేదు.

వాయిదాలు మావయ్య కట్టేవాడు. వడ్డీ సర్టిఫికెట్ ఫల్గుణకి వచ్చేది. ఎలక్ట్రిక్ కారు అప్పు వడ్డీకి పన్నులో మినహాయింపు ఉంది కదా, ఇద్దరూ తమ తమ రిటర్నుల్లో చూపించారు. ఫల్గుణకి రిఫండు వచ్చింది. మావయ్యకి నోటీసు వచ్చింది, అప్పు మీ పేరున లేదు, సంజాయిషీ ఇవ్వండి అని.

బజార్లో నాకు ఆన్‌లైన్ సెంటరు ఉంది. నోటీసు పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"సూసేవేట్రా? వడ్డీ నాది, రిఫండు ఆడికి! పైగా నవ్వతా సెప్తన్నాడు!"

వారం రోజులు ఇదే గోల. ఫల్గుణ కొత్త చెప్పులు వేసుకున్నా "అవి నా వడ్డీయే" అనేవాడు.

"బేగి రాయి. కారు నాదే, ఆడిది ఒట్టి పేరే అని."

"అలా రాస్తే, ఆయన పేరున ఇంకేం పెట్టారని అడుగుతారు మావయ్యా. కొట్టు సంగతీ బయటికొస్తుంది."

ఆయన మొహం మాడిపోయింది.

"ఈ ఊళ్ళో నా పేరున గొడుగైనా లేదురా. ఆడు కూకునుంటే అన్నీ ఆడివే."

ఫల్గుణ పేరంటేనే ఆయనకి మంట. ఆ పేరు అడ్డం పెట్టుకునే ముప్పయ్యేళ్ళు బతికిన సంగతి మాత్రం గుర్తు రాలేదు.

చివరికి, పొరపాటున చూపించాను, ఆ కారూ అప్పూ నావి కావు, అని టైపు చేయించాడు. ఓటీపీ అంకెలు పళ్ళబిగువున చెప్పాడు. అప్పుడే ఏదో జెరాక్సు కోసం ఫల్గుణ లోపలికి వచ్చాడు.

"ఏటి సావుకారూ, అలగున్నారు?"

"నీ కారు నాది కాదని రాసిచ్చేసేన్రా. కడుపు సల్లబడిందా?"

ఫల్గుణ బెంచీ మీద కూర్చున్నాడు. మావయ్య ఎదుట ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"కారుకి రాసిచ్చేరు, బాగుంది. మరి మా అయ్య స్థలానికి ఎప్పుడు రాసిత్తారు?"

మావయ్య నా వైపు చూశాడు. నేను ప్రింటర్లో కాగితాలు సర్దుతూ ఉండిపోయాను.