జపాన్ భాషలో ‘అంతేం లేదు’

పెళ్లయి హోసూరు వచ్చిన కొత్తలో నాతో మాట్లాడేవాళ్లు లేరు. మాది తమిళనాట, కర్ణాటక సరిహద్దులోని బేరిగై. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, సంతలో కన్నడం. నోటికి విరామం లేని ఊరు. హోసూరులో మాది ఒక మేడ ఇంటి కింది వాటా. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవారు. మంచి మనిషే. అన్నం దగ్గర ‘చాలు’ అనేవారు, ‘వద్దు’ అనేవారు. ఎప్పుడైనా ‘ఇంకొంచెం’ అన్నారంటే ఆ పూట నాకు పండగే.

తొంభైల చివర్లో పై వాటాలోకి జపాన్ దంపతులు దిగారు. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చినవాడు. పొద్దున్నే కారెక్కితే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆమె నాకంటే చాలా పెద్దది. మెట్ల మీద ఎదురైతే నడుం వంచి నమస్కరించేది. నేనూ వంగేదాన్ని. అంతటితో సరి.

ఒకరోజు వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. ఆమె బీన్స్ చూపించి, కొంచెం చాలన్నట్టు రెండు వేళ్లు దగ్గరగా పెట్టింది. బండివాడు నవ్వి ఒక్కటంటే ఒక్క కాయ తక్కెట్లో వేశాడు. ఆమె ముఖం ఎర్రబడింది.

“గుప్పెడు వెయ్యప్పా. పగలు ఆయమ్మ ఒక్కతే కదా తినేది” అన్నాను. పిడికిలి బిగించి ఆమెకు చూపించి, “గుప్పెడు” అన్నాను.

“గుప్పెదు” అంది ఆమె.

అక్కడ మొదలైంది. మధ్యాహ్నాలు నేను పైకి వెళ్లేదాన్ని, లేదా ఆమె కిందికి వచ్చేది. చిటికెడు ఉప్పు, గుక్కెడు కాఫీ, మూరెడు మల్లెపూలు నేర్పాను. ఇద్దరికీ వచ్చిన అరకొర ఇంగ్లీషుతో మిగతాది నెట్టుకొచ్చాం. పెళ్లికి ముందు ఆమె తన ఊళ్లో పరదేశీయులకు జపనీస్ నేర్పేదట. అందుకని బదులుగా నాకు జపనీస్ నేర్పేటప్పుడు ఉత్త మాటలతో ఆగలేదు, వ్యాకరణంలోకి దిగింది. క్రియ చివరికి రావడం రెండు భాషల్లోనూ ఒకటేనని కనిపెట్టిన రోజు చప్పట్లు కొట్టింది.

‘దకే’కీ ‘షికా’కీ తేడా నాకు ఎంతకీ ఎక్కలేదు. రెండింటికీ అర్థం ‘మాత్రమే’ అని ఆమె వ్యాకరణ పుస్తకంలో ఉంది. ఆమె పళ్లెంలో రెండు బిస్కెట్లు పెట్టింది. ‘దకే’ అంటూ మామూలుగా ముఖం పెట్టింది. ‘షికా’ అంటూ భుజాలు జార్చేసింది. అప్పుడు తెలిసింది. మొదటిది ‘రెండే ఉన్నాయి’. రెండోది ‘రెండు తప్ప లేవు’. ‘హొదొ’, అంటే ‘అంత’, అనే మాటకైతే వివరణే అక్కర్లేకపోయింది. వాళ్లూ మనలాగే ‘చచ్చేంత అలసిపోయాను’ అంటారట.

మామిడికాయల కాలంలో ఆమెను బస్సులో కృష్ణగిరి మండీకి తీసుకెళ్లాను.

“గంపెడు తీసుకోమ్మా, అగ్గువకిస్తాను” అన్నాడు వ్యాపారి.

“గుప్పెడు!” అంది ఆమె గట్టిగా.

మండీ అంతా నవ్వింది. ఈసారి ఆమె కూడా నవ్వింది. చివరికి సంచీ నిండా మల్గోవాలు కొనిపించారు.

తిరుగు బస్సులో సంచీ ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి గుట్టలు చూస్తూ కూర్చుంది. ఒంటరిగా అనిపిస్తుందా అని వచ్చీరాని జపనీస్‌లో అడిగాను.

“సొరె హొదొ దెమొ నై” అంది కిటికీ వైపే చూస్తూ.

మాటకు మాట విడదీసుకున్నాను. అంత కూడా లేదు. అంతేం లేదు. మా అమ్మ జ్వరంతో కాలిపోతున్నప్పుడు ఎలా ఉందని అడిగితే ఇదే మాట అనేది. నేను ఇంకేం అడగకుండా ఆమె చేతి మీద చెయ్యి వేశాను. శూళగిరి దాటాక, ఆమె అదే ప్రశ్న నన్ను అడిగింది.

“అంతేం లేదులే” అన్నాను తెలుగులో. ఆమె అర్థం అడగలేదు.

మరుసటి ఏడు ఆమె భర్త పని ముగిసి ఇద్దరూ వెళ్లిపోయారు. పోతూ ఆమె తన వ్యాకరణ పుస్తకం నాకిచ్చింది. కొన్నేళ్లు కొత్త సంవత్సరం కార్డులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఎందుకో తెలియదు.

నాకు జపనీస్ మిగిలింది, మాట్లాడే మనిషి లేదు. వంటింట్లో నాకు నేనే ప్రశ్న వేసుకుని జవాబు చెప్పుకునేదాన్ని. ఒకరోజు మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు.

“ఎవురితో మాట్లాడతా ఉండావు?”

“ఎవురితోనూ లేదు. చదువుకుంటా ఉండాను.”

“ఓ” అని, షిఫ్టుకు ముందు కాసేపు పడుకోవడానికి వెళ్లిపోయారు.

చెన్నైకి పోయి జపనీస్ పరీక్ష రాశాను. తప్పాను, మళ్లీ రాసి గట్టెక్కాను. రెండువేల సంవత్సరం దాటాక హోసూరులో జపాన్ కంపెనీలకు పోదలచిన కుర్రవాళ్ల కోసం సాయంత్రం తరగతులు పెట్టినవాళ్లు నన్ను పిలిచారు. గది నిండేది. కానీ వాళ్లు నాతో జపనీస్ మాట్లాడేది పరీక్ష కోసమే. ఎలా ఉన్నావని అడిగితే పుస్తకంలోని జవాబే వచ్చేది.

వాళ్లలో సామల్పట్టి ఊరి కుర్రవాడు ఒకడు జపాన్ వెళ్లాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. నేను ఆత్రంగా జపనీస్‌లో మొదలుపెట్టాను. ఎన్నేళ్ల తర్వాతో, అక్కడి గాలి పీల్చే మనిషితో మాట్లాడుతున్నాను.

“మేడం, తెలుగులో మాట్లాడండి” అన్నాడు. “ఈడ తెలుగు వినే దోవే లేదు. ఏమైనా చెప్పండి మేడం, వానలు పడినాయా?”

పడినాయని చెప్పాను. టమోటా ధర చెప్పాను, మా వీధిలో కొత్తగా వేసిన రోడ్డు గురించి చెప్పాను. “ఇంకా చెప్పండి” అన్నాడు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి వింటున్నారు.

అతను తర్వాత కొన్ని ఆదివారాలు చేశాడు. ఆ పైన స్నేహితులు దొరికినట్టున్నారు, ఫోన్లు తగ్గాయి. తగ్గడమే మంచిదని మా ఆయనతో అన్నాను. ఆయన తలూపారు.

పేపరు మడుస్తూ, “ఈ వారం కూడా చెయ్యలేదా ఆ పిల్లోడు?” అని అడిగారు.