కుడి కాలి రింగు

మా పిన్ని పక్షుల పార్కులో పనిచేస్తుంది. చెరువులో ఉండే నీటి పక్షులన్నీ ఆమె చూసుకోవలసినవి. పొద్దున్న ఆరింటికల్లా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, రెండు చేతులా మేత బకెట్లతో నీళ్ళలోకి దిగుతుంది. పన్నెండింటికి గట్టెక్కి, మేత గది ముందు బల్ల మీద కూర్చుని రిజిస్టరు రాస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

రిజిస్టరులో ఏ పక్షి ఎంత తింది, ఏది కుంటుతోంది అని రాస్తే చాలు. పిన్ని మాత్రం కంటపడిందంతా రాస్తుంది. "రాయకపోతే చూసినట్టు ఎలా అవుతుందే?" అంటుంది. అందుకే పార్కులో ఆమెని అందరూ రిజిస్టరక్క అంటారు. పిన్నిని ఆటపట్టించాలంటే, స్వీపరు తుమ్మి మరీ, "అక్కా, ఇది కూడా రాసుకో" అనేది.

హంసల్లో ఏది ఆడదో ఏది మగదో పైకి చూస్తే తెలియదు. అందుకని పార్కులో ఒక పద్ధతి పెట్టారు. డాక్టరు పరీక్ష చేశాక ఆడదానికి ఎడమ కాలికి, మగదానికి కుడి కాలికి ప్లాస్టిక్ రింగు తొడుగుతారు. రింగు మీద నంబరు ఉంటుంది. ఈ సంగతి చెరువు గట్టున బోర్డు మీద కూడా రాసి ఉంది.

పదిహేడో నంబరు, ఇరవై రెండో నంబరు, రెండూ ఎడమ కాలి రింగులే. ఆరేళ్ళ కిందట అవి జతకట్టాయి. మెడలు వంచి ఒకదాని ముందు ఒకటి ఆడటం, దగ్గరికొచ్చిన మూడో హంసని కలిసి తరిమెయ్యడం, రెల్లు పుల్లలు ఏరుకొచ్చి గూడు కట్టడం, ఏ జంట చేసేవైనా ఇవే. ఒక హంస ఐదో ఆరో గుడ్లు పెడుతుంది. ఆ గూట్లో పదకొండు తేలాయి. పిన్ని ఆ రోజు రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు: "17, 22. రెండూ ఆడవే. ఒకటే గూడు. పదకొండు గుడ్లు. వంతులు వేసుకుని పొదుగుతున్నాయి."

ఆ గుడ్లు పిల్లలు కావని పిన్నికి తెలుసు. అయినా ఏటా అవి లెక్క ప్రకారం అన్ని రోజులూ కూర్చునేవి. అవి వాటంతట అవి లేచి వెళ్ళేదాకా పిన్ని ఆ గూటిని తాకేది కాదు. నెలాఖరుకి రిజిస్టరు ఆఫీసుకి వెళ్ళేది. మేనేజరు పేజీకొక సంతకం పెట్టి పంపేవాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు.

పిన్ని ఇంట్లో ఇంకొకావిడ ఉండేది. నేను చిన్నప్పటి నుంచీ ఆమెని టీవీ పిన్ని అనేదాన్ని. జంతువుల కార్యక్రమాలకి తెలుగులో గొంతు ఇస్తుంది. పులి తరపునా, జింక తరపునా ఆమే మాట్లాడుతుంది. పదకొండేళ్ళ కిందట పక్షుల చప్పుళ్ళు రికార్డు చేసుకోవడానికి పార్కుకి వచ్చి వానలో చిక్కుకుంది. పిన్ని మేత గదిలోంచి చూసి, గొడుగు వేసుకుని ఎదురెళ్ళి, "తడుస్తారు, నా గొడుగు కిందికి రండి. మీది గొంతుతో చేసే పనిలా ఉంది" అందట. ఆ ముక్క ఇద్దరూ వంతులు వేసుకుని నాకు వందసార్లు చెప్పారు. ఆ ఏడాదే టీవీ పిన్ని తన రెండు పెట్టెలతో పిన్ని ఇంటికి వచ్చేసింది. అందరూ "ఆ ఇద్దరూ" అనేవారు. మా అమ్మ దగ్గర ఆ మాట ఎత్తితే ఆమెకి వెంటనే వంటింట్లో పని గుర్తొచ్చేది. నాకు మాత్రం, ఎవరితోనూ అనని నా కారణాల వల్ల, ప్రపంచంలో ఆ రెండు గదుల ఇల్లంటేనే ఇష్టం.

అక్కడ ఆదివారం పొద్దున టీవీ చూడటం ఒక తమాషా. తెర మీద టీవీ పిన్ని గొంతు, సోఫాలో టీవీ పిన్ని, ఆమెని ఉతికి ఆరేస్తూ మా పిన్ని.

"రెండు ఆడవి పక్కపక్కన కూర్చుంటే అక్కచెల్లెళ్ళు. రెండు మగవి కూర్చుంటే ప్రాణస్నేహితులు. ఒక మగది ఒక ఆడదాన్ని అర నిమిషం చూసిందో లేదో, వెనక వయొలిన్లు! అవేమన్నా సినిమాలు చూసి పెరిగాయా?"

"నాకిచ్చిన కాయితం నేను చదువుతాను తల్లీ. రాసేవాడిని తిట్టు."

"ఏదో ఒకరోజు నువ్వే రాస్తావుగా. అప్పుడు తిడతాను."

ఆ రోజు నిజంగానే వచ్చింది. చానెల్ వాళ్ళు పార్కు మీద ఒక భాగం తీస్తామన్నారు, రాత కూడా ఆమెకే అప్పగించారు. టీవీ పిన్ని స్వీటు పెట్టె పట్టుకొచ్చి, "నీ రిజిస్టర్లు నాకు కావాలి. పదిహేడు, ఇరవై రెండు, వీళ్ళిద్దరే నా కథ" అంది.

పిన్ని చాలాసేపు పెట్టె మూత తీసి మూస్తూ కూర్చుంది. తర్వాత, "ఒక్కటే అడుగుతాను. అవి ఏవో అవే అని చెప్పు. ఒక్కసారి ఆ మాట అంతమంది వింటే, రేపు ఏ ఆఫీసరూ వాటిని విడదీయడానికి చెయ్యెత్తడు" అంది.

ఆఫీసుకి సంగతి తెలిస్తే ఆ రెంటినీ చెరో చెరువుకి పంపేస్తారన్న భయం పిన్నికి ఆరేళ్ళుగా ఉంది. దాచమంటే దాచలేదు, ఎందుకంటే రిజిస్టరులో తప్పు రాయడం ఆమెకి చేతకాదు. టీవీ పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని, "నీ మీద ఒట్టు" అంది. ఆరేళ్ళ రిజిస్టర్లలోంచి ఆ రెండు నంబర్లూ ఉన్న పేజీలన్నీ నేనే తిరగరాసి ఇచ్చాను. మూడు నెలలు వాళ్ళిద్దరూ ఆ కాయితాలు ముందేసుకుని కూర్చున్నారు.

ప్రసారమైన ఆదివారం పార్కు క్యాంటీన్‌లో అందరం చేరాం, పనుందని ఇంట్లో ఆగిపోయిన టీవీ పిన్ని తప్ప. టికెట్లిచ్చే ఆవిడ ముందు కుర్చీ పిన్నికి వదిలేసింది. తెర మీద చెరువు కనపడగానే చప్పట్లు. కెమెరా నీళ్ళ అంచున రెండు జతల నల్లటి పాదాలని చూపించింది. రెండు ఎడమ కాళ్ళకీ రెండు రింగులు. పిన్ని ముందుకి వంగింది.

"ఇడుగో మన రాజా," అంది టీవీ పిన్ని గొంతు. "ఈ చెరువుకే కథానాయకుడు. అదిగో, సిగ్గుపడుతూ వస్తోంది రాణి."

క్యాంటీన్‌లో ఎవరో పక్కున నవ్వారు. స్వీపరు, "అక్కా, ఇరవై రెండుకి ఎప్పుడు మీసాలొచ్చాయి?" అంది. టికెట్ల ఆవిడ ఆమెని మోచేత్తో పొడిచింది. పిన్ని ఏమీ వినిపించుకోలేదు. తెర మీద వాన మొదలైంది. ఇరవై రెండు రెక్క విప్పి పదిహేడు దగ్గరికి జరిగింది.

"తడుస్తావు, నా రెక్క కిందికి రా," అన్నాడు రాజా. రాజా కోసం ఆమె గొంతు కాస్త బొంగురు చేసింది. "నీది పాటపాడే గొంతులా ఉంది."

నేను పిన్ని ముఖం చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. ఆమె మోకాళ్ళ మీది చేతులు చూశాను. అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కార్యక్రమం చివర, "త్వరలో ఈ ఇంట బుల్లి హంసల సందడి" అని గొంతు చెప్పింది. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్ళాక టీవీ పిన్నే ముందు మొదలుపెట్టింది. "ప్రొడ్యూసరు ఒప్పుకోలేదు. పిల్లలు చూసే కార్యక్రమం అన్నాడు. నేను చాలా చెప్పి చూశాను."

"ఎప్పుడు ఒప్పుకోలేదు?"

"మొదటి మీటింగులోనే."

"ఆ తర్వాత మూడు నెలలు నాతో కూర్చుని ఆ కాయితాలు చదివావు."

టీవీ పిన్ని సోఫా దిండు తీసి సర్దింది.

"గొడుగు మాట కూడా ప్రొడ్యూసరే అడిగాడా?"

"అది... మంచి డైలాగు," అంది ఆమె నెమ్మదిగా. "మన మాటే కదా, వాడుకుంటే ఏమవుతుందనుకున్నాను."

పిన్ని లేచి బూట్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ పొద్దున్న బూట్లు ఆమె వేసుకోనే లేదు.

కార్యక్రమం బాగా ఆడింది. ఒక చానెల్ టీవీ పిన్నిని కూర్చోబెట్టి మాట్లాడించింది. పక్షుల గురించి ఇంత దగ్గరగా ఎలా తెలుసండీ అని యాంకరమ్మాయి అడిగితే, టీవీ పిన్ని నవ్వి, "మా ఇంటి ఓనరుగారు ఆ పార్కులోనే పనిచేస్తారు" అంది. ఇల్లు పిన్ని పేరు మీదే ఉంది కాబట్టి అది అబద్ధం కూడా కాదు. పిన్ని, నేను పక్కపక్కన కూర్చునే చూశాం. పిన్ని రిమోట్ తీసుకుని టీవీ కట్టేసి, దాన్ని దిండు కింద పెట్టింది.

జనం వరదలా వచ్చారు. పిల్లలు కంచె పట్టుకుని, "తడుస్తావు, నా రెక్క కిందికి రా" అని బొంగురు గొంతుతో అరిచేవారు. రాజా ఏది, పిల్లలు ఎప్పుడు పుడతాయి అని పిన్నినే అడిగేవారు. "చూస్తూ ఉండండి" అని బకెట్లు ఎత్తుకుని వెళ్ళిపోయేది.

ఒక బడి మాస్టరు తన తరగతిని తీసుకొచ్చాడు. పిల్లల చేత బోర్డు చదివించాడు, రింగులు చూపించాడు. ఆ వారమే పేపర్లో ఆయన ఉత్తరం పడింది: మీ రాజా కాలి రింగు ఎడమ వైపుంది, పదేళ్ళ పిల్లలకి తెలిసిన సంగతి మీకు తెలియదా, జనాన్ని మోసం చేస్తున్నది చానెలా, పార్కా?

మేనేజరు పిన్నిని పిలిపించి బల్ల మీద రెండు కాయితాలు పెట్టాడు. ఒకటి పేపరు ముక్క. రెండోది చానెల్ పంపిన జవాబు. "పక్షుల వివరాలన్నీ పార్కు సిబ్బంది ఇచ్చినవే. పొరపాటు ఉంటే వారిదే." కింద టీవీ పిన్ని సంతకం. పిన్ని ఆ సంతకాన్ని కరెంటు బిల్లుల మీదా, నా పుట్టినరోజు పుస్తకాల మీదా చూసిందే.

"చూడమ్మా, దీనికొకటే దారి," అన్నాడు మేనేజరు. "పక్క పార్కు నుంచి ఒక మగ హంసని తెప్పిస్తున్నాను. ఇరవై రెండుని అక్కడికి పంపేద్దాం. కొత్తదే రాజా. వచ్చే ఏడు పిల్లలు కూడా పుడతాయి. టీవీలో చెప్పింది నిజం చేసేద్దాం."

పిన్ని బయటికి వచ్చి, మేత గదిలోంచి ఆరేళ్ళ రిజిస్టర్లు మోసుకొచ్చి ఆయన ముందు పేర్చింది. చీటీలు పెట్టిన చోటల్లా తెరిచింది. ఒక్కో పేజీలో తన రాత, దాని కింద ఆయన సంతకం.

"నేను ఎవరికీ తప్పు వివరాలు ఇవ్వలేదు సార్. రెండూ ఆడవేనని డెబ్బై రెండు నెలలు రాశాను. డెబ్బై రెండుసార్లు మీరు సంతకం పెట్టారు."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది... బయటికి వెళితే నా ఉద్యోగం సంగతేంటమ్మా? మీ స్నేహితురాలిది కూడా పోతుంది."

"ఆ రెంటినీ కదపకండి. ఈ రిజిస్టర్లు నా గది దాటి రావు."

"మరి మాస్టరుకి ఏం చెప్పను?"

పిన్ని దానికి కూడా ఆలోచించుకునే వెళ్ళింది. "రింగు పొరపాటున ఎడమ కాలికి తొడిగారని చెప్పండి. తొడిగింది నేనని చెప్పండి."

పేపర్లో పార్కు వివరణ వచ్చింది. సిబ్బంది పొరపాటుకి చింతిస్తున్నామని, సరిదిద్దుతున్నామని. ఆ రోజు నేను పిన్ని ఇంట్లోనే ఉన్నాను. టీవీ పిన్ని పేపరు ఊపుకుంటూ వచ్చి ఆమె భుజం మీద తల పెట్టింది. "నన్ను బతికించావే! ఇవాళ ఆఫీసులో నా సీటు పోయిందనే అనుకున్నాను."

పిన్ని ఆ తలని రెండు చేతులతో, పక్షిని తీసినంత నెమ్మదిగా, పక్కకి తీసింది.

"నెలాఖరుకి గది ఖాళీ చెయ్యండి."

"అదేంటే, చెయ్యండీ గియ్యండీ అంటున్నావు?"

"ఓనరుగా చెబుతున్నాను. మీకు వేరే ఇల్లు చూసుకోవడానికి ఇరవై రోజులు సరిపోతాయి."

టీవీ పిన్ని ముందు నవ్వింది. తర్వాత నా వైపు చూసింది, నేనేమన్నా అంటానేమోనని. ఆమె ఒళ్ళో కూర్చుని పులులూ జింకలూ చూసినదాన్ని. ఆమె వదిలేసిన పేపరు తీసి మడత పెట్టాను. ఆమె పదిరోజులకే వెళ్ళిపోయింది. వచ్చినప్పటి రెండు పెట్టెలు ఐదయ్యాయి. గొడుగు మాత్రం తలుపు వెనకే వదిలేసింది.

మా అమ్మ ఫోన్ చేసింది. ఆమె కూడా ఆ ఇంటర్వ్యూ చూసింది. "పోనీలేవే, అద్దెకున్నావిడేగా వెళ్ళింది. ఇంకెవరినైనా చూడమంటావా?" అంది. పదకొండేళ్ళుగా అమ్మ వెతుక్కుంటున్న మాట ఆమెకి చివరికి టీవీలో దొరికింది.

"వద్దులే అక్కా," అంది పిన్ని.

రింగు మార్చే రోజు నేనూ పార్కుకి వెళ్ళాను. హంసని పట్టాలంటే మామూలుగా ఇద్దరు కావాలి, ఒక వల కావాలి. పిన్ని నీళ్ళలోకి దిగి నిలబడితే చాలు, ఇరవై రెండు తనే ఈదుకుంటూ వచ్చింది. దాన్ని చంకలో ఇరికించుకుని గట్టు మీద కూర్చుంది. కటింగు ప్లయరుతో పాత రింగు తెంపింది. కొత్తది కుడి కాలికి తొడిగి నొక్కింది. అది కాలు లాక్కోలేదు. కొద్ది దూరంలో పదిహేడు మెడ నిటారుగా పెట్టి చూస్తూ ఉంది. కంచె అవతల ఒక నాన్న తన పాపని ఎత్తుకుని, "అదిగో, రాజాకి రింగు సరిచేస్తున్నారు చూడు" అన్నాడు.

వదిలిపెట్టగానే ఇరవై రెండు నీళ్ళలోకి జారి పదిహేడు దగ్గరికి వెళ్ళింది. పదిహేడు కొత్త కాలిని ఒకసారి ముక్కుతో తట్టి ఊరుకుంది. రెండూ రెల్లు గూటి వైపు వెళ్ళిపోయాయి.

పన్నెండింటికి పిన్ని బల్ల మీద కూర్చుని రిజిస్టరు తెరిచింది. మామూలుగా గబగబా రాసే మనిషి, కలం మూత తీసి చాలాసేపు ఊరికే ఉంది. తర్వాత రాసింది: "22. ఆడది. రింగు కుడి కాలికి మార్చాను. మార్చింది నేనే."

నెలాఖరుకి రిజిస్టరు ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్ళింది. ఆ పేజీ కింద సంతకం ఉంది. ఈసారి మేనేజరు మొత్తం చదివి మరీ పెట్టాడని ప్యూను చెప్పాడు.