ఎర్ర గీతల పక్క వాక్యాలు

స్వర్ణలత పుస్తకం తెరిచిందంటే మనిషి ఇక్కడ ఉండదు. కళ్లు పేజీ మీదే ఉంటాయి, మనసు మాత్రం ఎక్కడో ఊహల్లో తేలిపోతుంటుంది. ఎల్బీనగర్‌లో మా ఎదురింటి కింది పోర్షన్ వాళ్లది. ప్లేస్కూల్లో ఆయా పని ముగించుకుని వచ్చి, మధ్యాహ్నాలు గడప మీద కూర్చుని సైన్సు చదివేది. పెళ్లీడుకొస్తున్న కూతురున్న మనిషి, చిన్నపిల్లలా పెదాలు కదుపుతూ. గాలికి పేజీలు తిరిగిపోయినా ఆమెకు తెలిసేది కాదు.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. మిగతావన్నీ గట్టెక్కాయి, సైన్సు ఒక్కటే మిగిలిపోయింది. పాసైతే అదే ప్లేస్కూల్లో పిల్లలకు అక్షరాలు చెప్పే పని ఇస్తామన్నారు. ఈసారి కూడా పోతే ఇక పుస్తకం ముట్టనని వాళ్ల అత్త అనంతమ్మకు మాటిచ్చేసింది.

"చిన్నప్పుడు గూడ సైన్సులనే పోయింది టీచరమ్మా. నాకు బుర్ర తక్కువ," అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. రిటైరయ్యేదాకా జీవశాస్త్రం చెప్పినదాన్ని, నా ముందు ఆ మాటంటే ఊరుకుంటానా?

ఒకరోజు గేటు దాటి వెళ్లి పుస్తకం లాక్కున్నాను. "ఏం చదివావో చెప్పు."

"గుండెల నాలుగు గదులుంటయి. పైనియి కర్ణికలు, కిందియి జఠరికలు," గడగడా అప్పజెప్పింది.

"కింది గదుల్లో ఎడమదాని గోడ ఎందుకంత మందం?"

బిత్తరపోయింది. "దాని కింద గీత లేదు టీచరమ్మా."

పుస్తకం తిరగేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం. ఎవరో ఎర్ర పెన్నుతో కొన్ని వాక్యాల కింద గీతలు కొట్టి ఉన్నారు. ఈ మహాతల్లి ఆ గీతలున్న వాక్యాలు మాత్రమే బట్టీ పడుతోంది!

"కోచింగ్ పిల్లలు అమ్మిన బుక్కు గదా. ర్యాంకోళ్లు ఉత్తగనే గీస్తరా? గుట్టంత ఎతికి, ఎక్కువ గీతలున్నదే తెచ్చుకున్న," అంది ఎంతో తెలివైన పని చేసినట్టు.

నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. "గీతలు గీసిన పిల్ల ఎవరో, తనకి ఏది రాదో దాని కింద గీసుకుంది. నీకు ఏది రాదో ఆ పిల్లకేం తెలుసే? గీతల పక్కన ఇంత పాఠం ఉంటే కళ్లెత్తి చూడవా?"

ఆ రోజు నుంచే నా పద్ధతి మొదలుపెట్టాను. ముందు పాఠం చివరి ప్రశ్నలు చదవాలి, ఏం వెతకాలో తెలుస్తుంది. తర్వాత బొమ్మ చూడాలి. అప్పుడు ఒక్క పేరా చదివి, పుస్తకం మూసి, సొంత మాటల్లో చెప్పాలి. చదవడం బాగానే చదివేది. పుస్తకం మూయగానే మళ్లీ ఎటో చూస్తూ ఉండిపోయేది. క్లాసులో అయితే చాక్‌పీసు విసిరేదాన్ని. ఎందుకో ఒక పూట మెల్లగా అడిగాను.

"ఇప్పుడెక్కడున్నావే?"

"గుండెల ఉన్న," అంది. "ఎడమ దిక్కు కింది గదిల నిలబడ్డ. ఎచ్చగ ఉన్నది. గోడలు దగ్గరికొస్తున్నయి, నెత్తురు పోతున్నది... నెత్తి దాక, కాలి బొటనేలి దాక. పక్క గది నెత్తురుకేంది, ఊపిరితిత్తుల దాకనే, పక్కింటికి పోయినట్టు పోతది. గీ గది శానా దూరం తోలాలె. అందుకే గోడ గట్టిగుండాలె గదా టీచరమ్మా?"

అప్పుడు తెలిసింది నాకు. పరధ్యానం అని అందరూ తిట్టినదే ఈ పిల్ల చదువుకునే తీరు.

అప్పట్నుంచి మా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. పేరా చదవడం, మూయడం, లోపలికి వెళ్లి రావడం. ఆకులోకి వెళ్లి ఆ పచ్చటి వెలుగులో కూర్చునేది. కంట్లోకి వెళ్లి తలకిందులుగా పడిన మా వీధిని చూసేది. తిరిగొచ్చి చూసిందంతా చెప్పేది, తప్పయితే పుస్తకం తెరిచి దిద్దుకుని మళ్లీ వెళ్లేది. సందులో ఆటోల హారన్లు, పళ్ల బండి మైకు మాకు వినపడేవి కావు. ఒక్కోసారి నేను కూడా ఆమె వెనకే ఆ పచ్చటి వెలుగులో నడుస్తున్నట్టుండేది. అనంతమ్మ బియ్యం ఏరుకుంటూ, "ఇద్దరికి పిస లేసింది, పిచ్చోళ్లయిన్రు," అని గొణిగేది.

ఫలితాలొచ్చిన రోజు ఫోన్ పట్టుకుని పరుగున మా ఇంటికొచ్చింది. పాస్! మిగతా అన్నిటికంటే సైన్సులోనే ఎక్కువ మార్కులు. అనంతమ్మ వెనకే వచ్చి కోడలి నోట్లో చక్కెర పోసింది. నేను చప్పట్లు కొట్టాను. స్వర్ణలత మాత్రం మా మెట్ల మీద కూర్చుని, నోట్లో చక్కెర అలాగే పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"పిచ్చిదానా, పాసయ్యావు కదే?"

"చిన్నప్పుడు గూడ నేను గిట్లనే ఉంటి గదా టీచరమ్మా," అంది వెక్కుతూ. "గప్పుడు గూడ నాకొచ్చేదే గదా. ఎట్ల చదువాల్నో ఒక్కలన్న చెప్పిన్రా?"

"లేదమ్మా, ఎవరూ చెప్పలేదు," అని తల నిమిరాను. నాకూ ఏడుపు ఆగలేదు.