మూడో సాక్షి దగ్గర ఆగిపోయింది

ఆమె పని కోర్టు వాంగ్మూలాల రికార్డింగులు విని టైపు చేయడం. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే కూర్చుని చేస్తోంది. విన్నది విన్నట్టు రాయాలి. సాక్షి దగ్గితే దగ్గు అని, ప్లీడరు నవ్వితే నవ్వు అని, ఎవరూ మాట్లాడకపోతే మౌనం అని. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు, ఒక్కటి వదలకూడదు.

నాలుగు నెలలుగా ఆమె కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతోంది. తెర నల్లబడుతుంది, చెవుల్లో సాక్షి మాట సగంలో తెగిపోతుంది. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెలుగుతుంది. ఈలోగా సేవ్ చేయని పేజీలన్నీ గాల్లో కలిసిపోతాయి.

బుధవారం సూపర్‌వైజరు ఫోన్ చేసింది.

"అమ్మా, మీ పనికి వంక పెట్టేవాళ్ళు లేరు. కానీ సోమవారానికి ఫైలు రాకపోతే మీవన్నీ వేరేవాళ్ళకి మార్చేయమంటున్నారు పైవాళ్ళు."

"ఇస్తాను."

ఆ ఇంటికి వచ్చే ఫోను అదొక్కటే. పని పోతే ఆ ఫోనూ ఉండదు.

మెకానిక్ అప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మెమరీ కార్డులు ఊడదీసి రబ్బరుతో రుద్దాడు, పవర్ సప్లై మార్చాడు. ఆ సాయంత్రం మూడోసారి వచ్చి లోపలి దుమ్మంతా ఊదాడు. పాటలు పెట్టి, ఆటలు ఆడి గంటసేపు చూశాడు. అది బుద్ధిగా నడిచింది.

"నేనంటే భయమక్కా దీనికి. మా ఇంట్లో ఇంతగా భయపడేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు."

"మీరు వీధి మలుపు తిరిగేలోపు ఆగిపోతుంది, చూడండి."

"అయితే ఒక పని చేయండి. ఆగినప్పుడల్లా రాసిపెట్టండి. టైమెంత, ఏం చేస్తున్నారు, ఇంట్లో ఏవేవి ఎలా ఉన్నాయి. చిన్నదని వదలొద్దు."

వదలొద్దని ఆమెకు చెప్పక్కర్లేదు.

శనివారం పొద్దున మెకానిక్ వచ్చి, ఆమె రాసిపెట్టిన పుస్తకం తెరిచి పైకి చదివాడు.

"గురువారం, పదకొండూ ఇరవై. మూడో సాక్షి. లైటు ఉంది, నీళ్ళ మోటారు వేయలేదు. గది తలుపు వేసి ఉంది. గురువారం, రెండూ నలభై. మూడో సాక్షి, మళ్ళీ మొదటి నుంచి. లైటు ఉంది. తలుపు వేసి ఉంది. శుక్రవారం, పదీ యాభై. మూడో సాక్షి. తలుపు వేసి ఉంది." అతను నవ్వాడు. "సాక్షి చెప్పే అబద్ధమైనా ఇన్నిసార్లు వింటే నిజమైపోదా అక్కా?"

"ఆ సాక్షి చెప్పేది నిజమే. నమ్మేవాళ్ళే లేరు."

మెకానిక్ మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. తర్వాత గదిని చూశాడు. ఒకప్పటి సామాన్ల గది అది. కిటికీ లేదు, ఫ్యాను లేదు, పైన రేకు. కంప్యూటరు పెట్టె టేబులు కింద అరలో ఇరుక్కుని ఉంది.

"నేనొచ్చినప్పుడు తలుపు తీసే ఉంటుందే!"

పరాయి మగవాడు ఇంట్లో ఉన్నంతసేపూ తలుపులన్నీ బార్లా తీసి ఉంచడం ఆమె అలవాటు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టాం," అన్నాడు మెకానిక్ నుదురు కొట్టుకుని. "గాలాడక ఉడికిపోతోంది. వేడి మితిమీరితే కాలిపోకుండా తనే ఆగిపోతుంది. మరి నాలుగు నెలల కిందటి వరకూ ఎలా నడిచింది? అప్పుడు తలుపు వేసేవారు కాదా?"

"అప్పుడు మా అక్క ఉండేది. పిలిస్తే వినపడాలని తీసి ఉంచేదాన్ని."

అతను గుమ్మంలోంచి చూశాడు. హాల్లో, సరిగ్గా ఆమె కుర్చీకి ఎదురుగా, చుట్టిన పరుపుతో మంచం ఉంది.

"టేబులు హాల్లోకి జరుపుదామా? ఆ మంచం తీస్తే..." అని ఆగాడు.

"వద్దు."

అతను కంప్యూటరు పెట్టెను అరలోంచి బయటికి లాగి నేల మీద పెట్టాడు. స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు.

"తలుపు తీసి ఉంచండక్కా. ఇంకేమీ అక్కర్లేదు."

వెళ్ళేటప్పుడు వీధి తలుపు అతనే దగ్గరగా వేశాడు. గది తలుపు దగ్గర ఆమె కాసేపు నిలబడింది. తర్వాత పాత చెప్పుల జత తెచ్చి దాని కింద అడ్డం పెట్టి వచ్చి కూర్చుంది.

మూడో సాక్షిని మళ్ళీ మొదటి నుంచి వింది. తల ఎత్తినప్పుడల్లా మంచం కనిపించింది. అందుకని తల ఎత్తడం తగ్గించింది. మధ్యాహ్నం రేకు కాలింది, చెమట పట్టింది. కంప్యూటరు ఆగలేదు.

ఆదివారం ఒక మాట సరిగా వినపడక మూడుసార్లు వెనక్కి తిప్పింది. అప్పుడు గమనించింది: హెడ్‌ఫోను ఒక చెవికే ఉంది. రెండోది చెవి వెనక్కి నెట్టి ఉంది. అక్క మంచాన పడ్డ రెండేళ్ళూ అలాగే పని చేసింది, ఒక చెవి సాక్షికి, ఒక చెవి అక్కకి. ఎప్పుడు నెట్టుకుందో తెలియలేదు. సరిచేసుకుని ఆ మాట పట్టుకుంది.

సోమవారం పది గంటలకు ఫైలు పంపింది. ఐదు నిమిషాలకు ఫోను మోగింది.

"అమ్మయ్య! బతికించారమ్మా. నాలుగో సాక్షిది పంపిస్తున్నా. మిషను బాగైందా?"

"బాగైంది."

"ఏమిటంట జబ్బు?"

ఆమె చెప్పబోయింది. అవతల ఎవరో సూపర్‌వైజరును పిలిచారు.

"మళ్ళీ చేస్తానమ్మా."

కొత్త ఫైలు వచ్చింది. నాలుగో సాక్షి తన వయసు, వృత్తి, ఇంటి నంబరు చెప్పాడు. ఆమె టైపు చేసింది.