సాంచల చప్పుడులో చూసిన వీడియో

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. మా అన్న పెళ్లి కాకముందు నుంచీ వాటి మధ్యే బతికాడు. ఆ కార్ఖానాలో చెవి దగ్గర అరిచినా మాట వినబడదు. అందుకే అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటికేసి వంచితే చాయ్‌కి పోదామని, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. చిన్నప్పుడు అన్నకు సద్దిగిన్న పట్టుకుపోయి, ఆ సైగలు చూస్తూ ఇంటికి రావడమే మరిచిపోయేదాన్ని. ఏ సంగతైనా ఎట్లా జరుగుతుందో తెలిస్తే గాని నాకు అన్నం సయించదు. పెళ్లయి కోరుట్లకు వచ్చినా ఆ బుద్ధి పోలేదు.

ఆ వానాకాలం డెంగీ ఊళ్లను చుట్టేసింది. డాక్టరు కన్నా ముందు ఫోన్లు మందు చెప్పడం మొదలుపెట్టాయి. అట్లా ఫోన్లలో కనబడేవాళ్లలో జగిత్యాలలో బట్టలు కుట్టే ఒక పిల్ల ఉండేది. గయ్యాళి అత్త వేషం కట్టి నవ్వించే వీడియోలు పెట్టేది. మా వైపు ఆమెను ఎరగనివాళ్లు లేరు. ఆమె ఏ చీర కడితే ఆ చీర కొనేవాళ్లు కూడా ఉన్నారు.

ఒక పొద్దున మా వదినె ఫోన్ చేసింది. "మీ అన్నకు జరం పోయింది గని, పండ్లు తోముకుంటే రగతం అస్తున్నది. దవాఖానకు పోదామంటే నా మాట ఇంటలేడు. నువ్వు చెప్తెనన్న ఇంటడేమో, జల్ది రా."

చందుర్తి మీదుగా పోయే బస్సెక్కాను. తీరా పోయి చూస్తే, అన్న తల దువ్వుకొని పనికి బయలుదేరుతున్నాడు.

"నాకేమైందే? జరం పోయె. గా జగిత్యాల పిల్ల చెప్పినట్లే బొప్పాయి ఆకు పసరు తాగిన. నువ్వే చూడు" అంటూ ఫోన్ చేతికిచ్చాడు.

చూశాను. అత్త ఆకు దంచి కోడలికి పసరు తాగిస్తుంది. థర్మామీటరు చూస్తుంది. జ్వరం దిగిందని కొంగు నడుముకు చుట్టి ఎగిరి గంతులేస్తుంది. అన్న నవ్వుతూ నావైపు చూశాడు. నేను సౌండు పెంచాను. ఆ గంతుల మీదుగా పిల్ల గొంతు వినబడింది. "జరం దిగంగనే గిట్ల ఎగురకుండ్రి. అసలు గండం అప్పుడే ఉంటది. పసరును నమ్ముకొని కూసోకుండ్రి. దవాఖానకు పోయి రగతం పరీక్ష చేయించుకోండ్రి."

అన్న ముఖంలో నవ్వు పోయింది. "గీ మాటలు నేను ఇననే లేదు" అన్నాడు.

"యాడ చూసినవ్?"

"సాంచల కాడ. అందరం చూసినం."

అన్న కింది పెదవి లాగి చూశాను. చిగుళ్ల నిండా నెత్తురు. "నీ తెలివి తెల్లారినట్లే ఉంది, నడువ్!" అని అరిచాను. కోపమేం కాదు, భయం. వదినె అప్పటికే ఆటో పిలిచింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ, "ఇంకొంచెం ఆగి తీస్కస్తే నేనేం చెయ్యలేకపోదును" అంది. అన్నను అప్పుడే వార్డులో చేర్చుకున్నారు.

అన్న తేరుకునేదాకా వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. 'అందరం చూసినం' అన్న మాట నన్ను వదలలేదు. ఆ షెడ్డులో ఇంకెంతమంది పసరు తాగి, జ్వరం దిగిందని సాంచల ముందు నిలబడ్డారో! అన్న ఇంటికి చేరగానే జగిత్యాల పోయి ఆ పిల్ల దుకాణం వెతుక్కున్నాను.

విషయం చెప్పగానే ఆమెకు రోషం వచ్చింది. "అక్కా, నేను వద్దనే చెప్పిన గదా! ఇంకెట్ల చెప్పాలె?"

"నువ్వు చెప్పినవ్ బిడ్డా. వాళ్లు చూసిండ్రు, ఇనలే."

కుట్టుమిషను ఆగిపోయింది. తన వీడియోను తానే సౌండు తీసేసి మొదటినుంచీ చూసుకుంది. "అయ్యో, నేనే పసరు తాగుమన్నట్లున్నది" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "మరి సాంచల కాడ ఎట్ల మాట్లాడుకుంటరక్కా?" చాయ్ సైగ, పోగు సైగ చూపించాను. చిన్నపిల్లలా తానూ చేసి చూసింది.

"రగతం పరీక్షకు ఏం సైగ?"

"లేదు. నువ్వే పుట్టియ్యి."

కాసేపు ఆలోచించి, మోచేతి మడత మీద వేలితో టకటకా తట్టింది.

కొత్త వీడియోలో ఒక్క మాట లేదు. అత్త గంతులేయబోతే కోడలు ఆమె జడ పట్టి కూర్చోబెడుతుంది. పసరు గిన్నె బోర్లిస్తుంది. తన మోచేతి మడత తట్టి చూపించి, అత్తను వెంటబెట్టుకొని దవాఖాన మెట్లెక్కుతుంది.

అన్న మళ్లీ పనిలో చేరాక ఒకరోజు షెడ్డులోంచి వీడియో కాల్ చేశాడు. చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఫోన్ పక్కకు తిప్పాడు. పక్క సాంచల మనిషి మోచేతి మడతలో దూది అంటించి ఉంది. అతను దాన్ని తట్టి చూపిస్తూ నవ్వుతున్నాడు. తర్వాత అన్న ఫోన్ తనవైపు తిప్పుకొని, తన కింది పెదవిని తానే లాగి నాకు చూపించాడు. చిగుళ్లు శుభ్రంగా ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆ చప్పుడులో అది అన్నకు వినబడలేదు, కనబడింది. ఏందే అన్నట్లు చెయ్యి తిప్పాడు.