ఇద్దరు కుర్మయ్యలు, నూటికి నూరు

1997 ఆగస్టులో నన్ను నారాయణగూడలోని మా శాఖ కార్యాలయంలో జాబితాల పరిశీలనకు వేశారు. హోదా సూపరింటెండెంటు. లోయర్ ట్యాంక్ బండ్ దిగువ బస్తీలో ఉండే పాలమూరు కూలీల ఇళ్ల స్థలాల జాబితాలో ఒకే మనిషి రెండు పేర్లతో దూరాడేమో చూడటం నా పని. దూరి ఉంటారనే నా నమ్మకం. ప్రతి దరఖాస్తునూ అనుమానంతోనే తెరిచేవాణ్ణి.

పేర్లను గుమాస్తాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాశారు. అచ్చంగా ఒకేలా ఉన్నవి వెతికితే ఏమీ దొరకవు. అశోక్‌నగర్‌లో కంప్యూటర్ జాబ్‌వర్క్ చేసే వసంత గారు అందుకోసం స్ప్రెడ్‌షీట్‌లో సొంతంగా ఒక ఫంక్షన్ రాశారు. ఒక పేరు ఇంకో పేరుగా మారడానికి ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కగట్టి, పోలికకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుందది. తండ్రి పేరుతో కలిపి ఎనభై అయిదు దాటితే ఇద్దరూ ఒకరే. రెండో పేరు కొట్టేయాలి. ఆ హద్దు నేను పెట్టిందే.

కొట్టేసిన పేర్లు బోర్డు మీద అంటించాం. అభ్యంతరాలకు వారం గడువు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఇద్దరు తాపీ పనివాళ్లు సిమెంటు చేతులతోనే వచ్చారు. పెద్ద కుర్మయ్య, చిన్న కుర్మయ్య. అన్నదమ్ములమన్నారు. కొట్టేసింది చిన్నవాడి పేరు. సాయంత్రం అయిదు దాటితే అతనికి స్థలం లేనట్టే. ఇద్దరూ ఎదురుగా నిలబడ్డా నేను నమ్మలేదు, ఎవణ్ణో పట్టుకొచ్చారనుకున్నాను. ఒక తండ్రి ఇద్దరు కొడుకులకూ ఒకే పేరు పెడతాడా అని గద్దించాను.

“పుట్టినోళ్లు దక్కకుంటే మమ్ముల కన్న అవ్వ కురుమూర్తి సామికి మొక్కుకున్నది సారు. ఇద్దరం బతికినం, ఇద్దరికి ఆయన పేరే పెట్టింది,” అన్నాడు పెద్దవాడు. “మా పెండ్లాలైతే ఎన్నడు పరేషాన్ కాలే. మీ మిషనే అయినట్టుంది.”

రేషను కార్డులు అడిగాను. కార్డులు రెండు, భార్యల పేర్లు వేరు, పిల్లల పేర్లు వేరు.

అనుమానం వసంత గారి మీదికి మళ్లింది. ఆటోలో అశోక్‌నగర్ వెళ్లి, నూటికి నూరు మార్కులు ఎలా వచ్చాయని నిలదీశాను. పోల్చే ముందు ఫంక్షన్ ‘పెద్ద’, ‘చిన్న’ అనే మాటలను తీసేస్తోందని ఆమె తెర మీద చూపించారు. ఎవరు తీయమన్నారని అరిచాను.

“మీరే చీటీ రాసిచ్చిన్రు సార్.”

నేను ఒప్పుకోలేదు. ఇచ్చిన ప్రతి చీటీకీ నకలు రాసుకోవడం నా అలవాటు. ఆమె అబద్ధం తేల్చడానికే సంచిలోంచి నోటుబుక్కు తీశాను. ‘వదలవలసినవి: శ్రీ, గారు, పెద్ద, చిన్న.’ నా దస్తూరీయే. చిక్కడపల్లిలో మా ఇళ్లలో పెద్దోడు, చిన్నోడు అనేవి పిలుపులే గాని కాగితాలకెక్కవు. లోకమంతా అంతేననుకున్నాను.

ఆ రెండు మాటలూ ఉంచి మళ్లీ నడిపిస్తే ఇంకో ఎనిమిది జంటలు విడిపోయాయి. ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ అభ్యంతరం చెప్పడానికి రాలేదు. బోర్డు చదివే అవకాశం వాళ్లకెక్కడిది? నిజంగా రెండుసార్లు రాయించుకున్నవాళ్లు ముగ్గురే. ఆఫీసుకు తిరిగొచ్చి, అయిదుకు పది నిమిషాల ముందు, చిన్న కుర్మయ్యతో సహా తొమ్మిది పేర్లనూ ఎర్రసిరాతో తిరిగి చేర్చి, ఒక్కో పేరు పక్కన సంతకం పెట్టాను.

కారణం ‘కంప్యూటర్ లోపం’ అని రాయమన్నారు పై అధికారి. కంప్యూటర్‌కు సంజాయిషీ నోటీసు ఎవరూ ఇవ్వరు కాబట్టి అందరికీ సౌకర్యం. నేను రాయలేదు. చీటీ నకలు జతచేసి, కింద నా పేరు రాశాను.

పోలికల పనిలో నేను నేర్చుకున్నది ఇది: ఏమి వదిలేయాలో చెప్పినవాడే ఫలితానికి బాధ్యుడు. అనుమానించడం మొదలుపెడితే ముందు ఆ చీటీనే తీసి చూడాలి.