చందనం పెట్టిన చీపురు

మా పాప్పమ్మాళ్ అత్త ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అరవదేశంలోని పీలమేడులో ఒక నూలు మిల్లు వెనక, దూది చెత్త ఏరే షెడ్డు ఊడ్చే మనిషి ఆమె. సంతకం రాదు గానీ, గొంతు మాత్రం మిల్లు కూతను మించిపోయేది.

ఆ రోజుల్లోనే సర్కారు మిల్లు పనివాళ్లందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి చేసింది. మిల్లు కూడా తన వంతు కట్టాలి. షెడ్డువాళ్లం మేమంతా కాంట్రాక్టరు మనుషులమట, మిల్లుకు మాతో సంబంధం లేదట! ఆ మాట మీద మిల్లు కోర్టుకెక్కింది. ఇక్కడేమో నా పక్కన కూర్చుని దూది ఏరే పేచ్చియమ్మాళ్ దూది దుమ్ము మింగి మింగి నెత్తురు కక్కుతోంది. బీమా కార్డు ఉంటేనే ఆమెకు క్షయ ఆసుపత్రిలో మంచం.

మా అందరి తరఫున అత్త కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన ముందురోజు, మిల్లు మేనేజరు తిరుమలసామి ఆమెను పిలిచాడు. ఆయన ఇంట్లోనూ మా మాదిరే తెలుగే. "కాంట్రాక్టరు మనిషినని ఒక్క మాట సెప్పు పాప్పమ్మా. నిన్ను లోపల పర్మనెంట్ చేస్తాను" అన్నాడు. నేనైతే ఎగిరి గంతేసి ఒప్పుకునేదాన్ని. అత్త "యోసించి సెప్తాను సామీ" అని వచ్చేసింది.

కోర్టులో మిల్లు వకీలు అరవంలో గద్దించాడు, నీకు కూలి ఇచ్చేది ఎవరని. "కాంట్రాక్టరు" అంది అత్త. అంతలో ఆమె వకీలును వదిలేసి, మేనేజరు వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"సామీ, ఆయుధ పూజ నాడు మిల్లు సామాన్లతో నా సీపురును గూడా వరసలో పెట్టించి, దానికి సందనం పెట్టిండేది ఎవురు? అది మిల్లుది కాకుంటే ఎందుకు పూజ సేస్తిరి? పళని సామి మింద ఆన, సెప్పండి."

జడ్జి ఆ మాట అరవంలో చెప్పించుకుని మేనేజరును చూశాడు. ఏటా పళనికి కాలినడకన పోయే మనిషి తిరుమలసామి. అబద్ధం నోట రాలేదు. "నేనే పెట్టినాను" అన్నాడు తల వంచుకుని. అమ్మా తల్లీ, నీకు దండం అనుకున్నాను!

చీపురు మిల్లుదైతే దాన్ని పట్టే మనిషీ మిల్లు మనిషేనన్నాడు జడ్జి, ఆ మాటతో కేసు మావైపు తిరిగింది. షెడ్డులో అందరికీ కార్డులు వచ్చాయి, అత్తకు తప్ప. మిల్లుకు ఎదురు సాక్ష్యం చెప్పిందని, తీర్పు రాకముందే కాంట్రాక్టరు ఆమెను పనికి రావద్దన్నాడు. పనిలో లేనివాళ్లకు బీమా లేదు.

పేచ్చియమ్మాళ్ ఆసుపత్రికి పోయే రోజు మూట మోసుకుని బస్సుదాకా వచ్చింది అత్తే. "అందరికీ కార్డు తెచ్చిస్తివి, నీదేది అత్తా?" అని అరిచాను.

"నాకు దగ్గు లేదు గదే" అంది అత్త, పేచ్చియమ్మాళ్‌ను బస్సెక్కిస్తూ.